కంటికి కనబడని వాటం

ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా ముఖద్వారం పక్కన వీల్‌చైర్ల కోసం కట్టిన ర్యాంపు ఉంటుంది. దాని వాలు సాధారణంగా 12లో 1. అంటే 12 అడుగులు ముందుకు నడిస్తే ఒక అడుగు ఎత్తు ఎక్కుతాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా పక్కనున్న కమ్మీ పట్టుకుని మెల్లగా ఎక్కేస్తారు. మన బొగ్గు గనుల్లో వందల టన్నులు మోసే డంపర్లు తిరిగే దారి ఆ ర్యాంపు కన్నా చదునుగా ఉండాలంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. కానీ నిజం. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఆ దారి వాలు 16లో 1 దాటకూడదని గనుల భద్రతా నియమాలు చెబుతాయి. కొద్ది దూరం మాత్రమే ఉండే ర్యాంపుల దగ్గర 10లో 1 దాకా ఒప్పుకుంటాయి.

16లో 1 అంటే కోణంలో మూడున్నర డిగ్రీలకు కాస్త ఎక్కువ. డాబా మీద వాన నీళ్లు నిలవకుండా మేస్త్రీ ఇచ్చే వాలును మనం వాటం అంటాం కదా, దానికి ఇది పెద్దన్న లాంటిది. ఆ దారి మీద నిలబడి చూస్తే అది వాలని కూడా అనిపించదు. చదునైన రోడ్డే అనుకుంటాం. ఇంత చిన్న వాటానికి చట్టం ఎందుకంత పట్టుదలగా హద్దు గీసింది? దానికి జవాబు డంపరు బరువులో ఉంది.

గోదావరి లోయలో బొగ్గు ఉందని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర గుర్తించాడు. అప్పటి నుంచి చాలా కాలం సింగరేణి అంటే భూమి కిందికి దిగే బొగ్గుబాయే. చెమ్మస్, తట్ట, టబ్బు అక్కడి మాటలు. 1970ల తర్వాత ఓపెన్‌కాస్టులు వచ్చాయి. రామగుండం, మణుగూరు, సత్తుపల్లి, భూపాలపల్లి, శ్రీరాంపూర్ ఎటు వెళ్లినా ఇప్పుడు మెట్లు మెట్లుగా నేలలోకి దిగే పెద్ద పెద్ద గోతులే కనిపిస్తాయి. ఆ మెట్లను బెంచీలంటారు. బొగ్గు మీదున్న మట్టినీ రాతినీ ఓబీ అంటారు. షావెల్ ఆ మట్టిని తవ్వి పోస్తే డంపరు మోసుకుపోతుంది. డంపరు నడిపే వాళ్లు ఈపీ ఆపరేటర్లు. కింద గోతి నుంచి పైన డంపు యార్డు దాకా మెలికలు తిరుగుతూ పోయేది హాల్ రోడ్డు. ఓపెన్‌కాస్టులో రోజంతా, మూడు షిఫ్టులూ జరిగే పని అంతా ఈ దారి మీదే.

ఓపెన్‌కాస్టుల్లో పోయే ప్రాణాల్లో డంపర్లు, టిప్పర్ల వల్ల పోయేవి పెద్ద వాటా. పేలుడు మందుల కన్నా, కూలే గట్ల కన్నా, చక్రాల మీద కదిలే బరువును చూసి గనిలో ఎక్కువ భయపడాలి.

లెక్కలోకి దిగుదాం. 100 టన్నుల తరగతి డంపరును తీసుకుందాం. ఖాళీ బండే సుమారు 70 టన్నులు. 90 టన్నుల మట్టి వేసుకుంటే మొత్తం 160 టన్నులు. ఆరు టైర్లు, ఒక్కో టైరు ఎత్తు దాదాపు 2.7 మీటర్లు. అంటే ఆరడుగుల మనిషి చెయ్యి పైకెత్తి నిలబడినా టైరు పై అంచు ఇంకా పైనే ఉంటుంది. వాలు 16లో 1 అయితే బండి బరువులో 16వ వంతు ఎప్పుడూ దాన్ని కిందికి తోస్తూనే ఉంటుంది. 160లో 16వ వంతు 10 టన్నులు. అంటే మన కంటికి చదునుగా కనిపించిన దారి మీద రెండు పెద్ద ఏనుగులంత బరువు బండి వెనక చేరి, క్షణం ఆపకుండా కిందికి నెడుతోందన్నమాట. వాలు 10లో 1 అయితే ఆ తోపు 16 టన్నులవుతుంది. చట్టం 16 దగ్గర గీత గీసింది అందుకే.

మామూలుగా గనిలో డంపరు నిండుగా ఎక్కుతుంది, ఖాళీగా దిగుతుంది. బొగ్గు తీసేసిన గోతిని మళ్లీ మట్టితో నింపేటప్పుడు మాత్రం నిండు బండే కిందికి దిగాలి. కొండ మీదుండే ఇనుప ఖనిజం గనుల్లోనూ అంతే. ఎక్కువ ప్రమాదం ఈ నిండు దిగుడులోనే ఉంది కాబట్టి ముందు దాన్నే చూద్దాం.

గోతి లోతు 100 మీటర్లు అనుకుందాం. 16లో 1 వాలు మీద అంత లోతు దిగాలంటే 1,600 మీటర్ల దారి కావాలి. 160 టన్నుల బరువు 100 మీటర్లు కిందికి దిగితే విడుదలయ్యే శక్తి, మన కరెంటు బిల్లు భాషలో చెబితే, దాదాపు 44 యూనిట్లు. టైర్లు నేల మీద దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం అందులో 14 యూనిట్ల దాకా మింగేస్తుంది. మిగిలిన 30 యూనిట్లు ఎక్కడికో ఒక చోటికి పోవాలి. దాన్ని ఏదీ పీల్చుకోకపోతే అది వేగంగా మారుతుంది. పీల్చుకుంటే వేడిగా మారుతుంది. మూడో దారి లేదు.

30 యూనిట్లంటే మధ్యతరగతి ఇల్లు నాలుగైదు రోజులు వాడుకునే కరెంటు. దానితో 350 లీటర్లకు పైగా చన్నీళ్లను మరిగించవచ్చు. అంత వేడి, ఒకే ఒక్క బండిలో, ఒకే ఒక్క దిగుడులో పుడుతుంది.

వేగం ఇందులో ఎంతుందో కూడా చూడాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్న అదే డంపరులో ఉన్న గతిశక్తి ఒకటిన్నర యూనిట్లే. ఎత్తులో దాగిన శక్తి దానికి 28 రెట్లు. చదును రోడ్డు మీద బ్రేకు చేసే పనికీ వాలు మీద చేసే పనికీ తేడా ఇదే. చదునులో ఒక్కసారి ఆపితే పనైపోతుంది. వాలు మీద కేవలం బ్రేకుతో దిగితే, ఆ 30 యూనిట్ల లెక్కన, 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని వెంట వెంట 19 సార్లు పూర్తిగా ఆపినంత వేడి బ్రేకుల్లో పోగవుతుంది.

ఈ వ్యాసంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఇప్పుడు వస్తుంది. నిదానంగా దిగినా, వేగంగా దిగినా పుట్టే వేడి మొత్తం ఒక్కటే, దాదాపు ఆ 30 యూనిట్లే. తేడా దాన్ని బయటికి పంపడానికి దొరికే సమయంలో ఉంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో దిగితే 1,600 మీటర్లకు 4 నిమిషాల 48 సెకన్లు పడుతుంది. 30 కిలోమీటర్లతో అయితే 3 నిమిషాల 12 సెకన్లు. మిగిలేది 96 సెకన్లు. కానీ మొదటి సందర్భంలో బండి సెకను సెకనుకూ 370 కిలోవాట్ల వేడిని వదిలించుకుంటే చాలు. అంటే స్నానాల గదిలో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు 185 ఒకేసారి వెలిగించినంత. రెండో సందర్భంలో అది 280 గీజర్లంత అవుతుంది. చల్లార్చే రేడియేటరు మాత్రం అదే రేడియేటరు. వాలు మొదట్లో డ్రైవరు ఎంచుకునే గేరు ఆ 280కీ 185కీ మధ్య ఎంపిక. దిగడం మొదలయ్యాక ఎంచుకుందామంటే కుదరదు.

పాతకాలపు లారీల్లో, ఇప్పటికీ చాలా టిప్పర్లలో ఉండే డ్రమ్ము బ్రేకులు ఈ వేడికి ఎలా లొంగిపోతాయో తెలుసుకోవాలి. లైనింగు లోపలి నుంచి డ్రమ్మును రాసుకుంటేనే బండి ఆగుతుంది. డ్రమ్ము కాలినకొద్దీ వ్యాకోచించి లైనింగుకు దూరం జరుగుతుంది. లైనింగులోని జిగురు పదార్థాలు వేడెక్కి పట్టు తగ్గుతుంది. డ్రైవరు అదే పెడలును అంతే బలంతో తొక్కుతున్నాడు, బండి మాత్రం మాట వినదు. కంగారులో మళ్లీ మళ్లీ తొక్కితే గాలి ట్యాంకులో పీడనం కూడా పడిపోతుంది. దీన్ని మనవాళ్లు ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అంటారు. చాలాసార్లు ఏ భాగమూ విరగదు, ఏ పైపూ పగలదు. చల్లారాక మెకానిక్ వచ్చి చూస్తే బ్రేకు మామూలుగానే పట్టుకుంటుంది. అప్పుడు తప్పంతా డ్రైవరు మీదికి పోతుంది.

పెద్ద డంపర్లలో అందుకే వేగాన్ని అదుపులో పెట్టే పనిని, బండిని నిలిపే పనిని వేరు చేశారు. మొదటి పని రిటార్డరుది. దాని పని అర్థం కావాలంటే గడ్డపెరుగు కుండలో కవ్వం గుర్తు తెచ్చుకోండి. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం తిరగడానికి పెరుగు ఎదురు తిరుగుతుంది, చేతులు నొప్పి పుడతాయి. కొన్ని బండ్లలో రిటార్డరు సరిగ్గా ఇలాంటి కవ్వమే. చక్రాలు తిప్పే ఇరుసు ఒక రెక్కల చక్రాన్ని నూనెలో తిప్పుతుంది, నూనె ఎదురు తిరుగుతుంది, బండి నెమ్మదిస్తుంది. వేడెక్కిన నూనె రేడియేటరు దగ్గరికి పోయి చల్లబడి వస్తుంది. మరికొన్ని బండ్లలో వెనక చక్రాల్లో పేర్చిన పళ్లేల లాంటి డిస్కులు నూనెలో మునిగి ఉంటాయి. వాటిని కొద్దికొద్దిగా నొక్కి పట్టుకుంటే అవే రిటార్డరు. కరెంటు మోటార్లతో నడిచే మరీ పెద్ద డంపర్లలో దిగేటప్పుడు చక్రాల మోటార్లే జనరేటర్లయిపోతాయి. అవి పుట్టించే కరెంటు పెద్ద పెద్ద నిరోధక తీగల్లో కాలిపోతుంది, ఫ్యాన్లు ఆ వేడిని బయటికి ఊదేస్తాయి.

నూనెను తిప్పే పంపును తిప్పేది ఇంజనే. అందుకే దిగేటప్పుడు తక్కువ గేరు వేయాలంటారు. తక్కువ గేరులో ఇంజను చక్కగా తిరుగుతుంది, పంపు నూనెను బాగా పారిస్తుంది, ఇంజను కూడా తనవంతు ఎదురు తోపు ఇస్తుంది. పెద్ద గేరులో దిగితే ఇంజను మెల్లగా తిరుగుతుంది, నూనె మందంగా పారుతుంది, వేడి మాత్రం ఎక్కువగా వస్తుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు కావాలో దిగేటప్పుడు ఆ గేరు గానీ, దానికన్నా తక్కువది గానీ వాడమని పాత డ్రైవర్లు కొత్తవాళ్లకు చెప్పే మాట ఈ లెక్కలన్నీ తెలియకముందే సరిగ్గా కుదిరిన లెక్క. శ్రీశైలం ఘాట్‌లో ఆర్టీసీ బస్సు దిగేటప్పుడు ఇంజను మూలుగుతూ ఉంటుంది. ఆ మూలుగు మన ప్రాణాలకు కాపలా.

తయారీదారులు దీనికో పట్టిక ఇస్తారు. ఒక పక్క బండి మొత్తం బరువు, ఒక పక్క వాలు, రెండూ కలిసే చోట ఏ గేరు, ఎంత వేగం అన్నది ఉంటుంది. కొద్ది వందల మీటర్ల దిగుడుకు ఒక లెక్క, ఎంత దూరమైనా ఆగకుండా దిగడానికి ఇంకో లెక్క. నూనె కొంత వేడిని దాచుకోగలదు కాబట్టి చిన్న దిగుడులో కాస్త ఎక్కువ వేగం నప్పుతుంది. పొడుగు దిగుడులో ఆ దాపరికం నిండిపోతుంది. ఈ పట్టిక క్యాబిన్లో కనిపించే చోట, డ్రైవరు చదవగల భాషలో ఉండాలి. ఇంగ్లిషు మాన్యువల్ ఆఫీసు బీరువాలో ఉంటే ఎవరికి ఉపయోగం?

న్యూట్రల్ గురించి విడిగా చెప్పాలి. డీజిలు ఆదా అవుతుందని దిగుడులో గేరు తీసేసి బండిని వదిలే అలవాటు మన రోడ్ల మీద ఎప్పటి నుంచో ఉంది. గనిలో అది ప్రాణాలతో ఆట. గేరు తీసేస్తే ఇంజను పట్టు పోయింది. ఆ పైన ఇంజను ఆగిపోతే స్టీరింగుకు బలమిచ్చే నూనె పీడనం కూడా పోతుంది. అప్పుడు బండి ఏం చేస్తుందో లెక్క వేయవచ్చు. మన 160 టన్నుల డంపరు గంటకు 10 కిలోమీటర్లతో పోతూ 16లో 1 వాలు మీద అదుపు తప్పిందనుకుందాం. బ్రేకు లేదు, గేరు లేదు. మొదటి 10 సెకన్లలో దాని వేగం 25కు చేరుతుంది. అరనిమిషానికి 55. ఈలోపు అది 270 మీటర్లు దిగిపోయి ఉంటుంది. 25 దగ్గర ఉన్న శక్తికీ 55 దగ్గర ఉన్న శక్తికీ తేడా దాదాపు 5 రెట్లు. అదుపు తప్పిందని తెలిసిన మొదటి 10 సెకన్లలోనే అత్యవసరానికి ఉండే రెండో బ్రేకు లాగాలి, అదీ పట్టకపోతే దారి పక్కనున్న గట్టుకు బండిని వాలుగా రాపిడి పెట్టాలి. ఇంకాస్త చూద్దాం అనుకుంటే చేతిలో ఉన్న ఒక్క అవకాశం కూడా జారిపోతుంది.

దారి పక్కన పోసే ఈ మట్టిగట్టును బెర్ము అంటారు. అది ఇంటి ప్రహరీ లాంటిది కాదు. నేరుగా వచ్చి గుద్దితే 160 టన్నుల బండిని ఆపే శక్తి దానికి లేదు. పక్కకు వాలిపోతున్న చక్రానికి ‘ఇక్కడితో దారి అయిపోయింది’ అని స్పర్శతో చెప్పడం, బండిని దారిలోకి మళ్లించడం దాని పని. అమెరికా గనుల నియమాల్లో ఈ గట్టు కనీసం ఆ దారిలో తిరిగే అతి పెద్ద బండి ఇరుసు ఎత్తుండాలి. మన డంపరు టైరు 2.7 మీటర్లు కాబట్టి దాదాపు 1.35 మీటర్లు. అంటే నిలబడిన మనిషి ఛాతీ దాకా. వానలకు కరిగి మోకాలెత్తుకు వచ్చిన గట్టును చూసి ‘ఉంది కదా’ అనుకుంటే లేనట్టే. కొన్ని గనుల్లో దిగుడు దారి నడుమ కూడా వదులు మట్టి కుప్పలు పోస్తారు. అదుపు తప్పిన బండిని ఆ కుప్పల మీదికి ఎక్కిస్తే చక్రాలు రెండు పక్కలా పోతాయి, బండి పొట్ట మట్టికి రాసుకుని ఆగుతుంది. మరికొన్ని చోట్ల ఎత్తుకు ఎక్కే పక్కదారి ఒకటి విడిచిపెడతారు. అప్పుడు కొండే బ్రేకు అవుతుంది.

ఇలాంటి సమయంలో డ్రైవరుకు పుట్టే మొదటి ఆలోచన దూకేయడం. దూకకూడదు. క్యాబిను బండి పల్టీ కొట్టినా నలగకుండా గట్టి ఇనుప చట్రంతో కడతారు. బెల్టు పెట్టుకుని లోపల ఉన్నవాడికి ఆ చట్రం తోడుంటుంది. దూకినవాడు తన బండి చక్రాల కిందే పడే ప్రమాదం ఉంది.

ఎక్కుడు సంగతి క్లుప్తంగా. 950 హార్స్‌పవర్ ఇంజను ఉన్నా నిండు డంపరు ఈ వాలు మీద గంటకు 15, 16 కిలోమీటర్లకు మించి ఎక్కలేదు. బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీద పడుతుంది. మట్టి తడిగా ఉంటే చక్రాలు జారతాయి, పైనుంచి బండరాళ్లు దొర్లిపడతాయి. కాబట్టి వెనక వచ్చే బండి దూరంగా ఉండాలి, నిండు బండికి ఖాళీ బండి దారి ఇవ్వాలి, వాలు నడుమ ఆగే అవసరం రాకుండా చూసుకోవాలి. ఆగిపోతే చక్రాల కింద అడ్డు పెట్టి, ముందు చక్రాలు గట్టు వైపు తిప్పి ఉంచాలి.

ఇప్పటిదాకా బ్రేకు గురించి మాట్లాడాం. బ్రేకు ఎంత మంచిదైనా టైరుకూ నేలకూ మధ్య పట్టు లేకపోతే ఏమీ చేయలేదు. చక్రం ఆగిపోతుంది, బండి జారుతూనే ఉంటుంది. నేల పట్టును ఒక అంకెతో చెప్పవచ్చు. ఎండిన మొరం దారికి అది 0.6 ఉందనుకుంటే, బంకమట్టి తడిస్తే 0.2 దాకా పడిపోవచ్చు. వాలు ఆ అంకెలో తనవంతు కోసుకుంటుంది. 16లో 1 అంటే 0.06. ఎండలో 0.6లోంచి 0.06 పోతే పెద్దగా తెలియదు. తడిలో 0.2లోంచి అదే 0.06 పోతే మూడోవంతు పట్టు పోయినట్టే. 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేశాక ఎండిన దారి మీద 6, 7 మీటర్లలో ఆగాల్సిన బండి తడి దారి మీద 25 మీటర్లు పోతుంది. ప్రమాదం కనబడి కాలు బ్రేకు మీద పడేలోపు గడిచే రెండు సెకన్లకు పైగా సమయంలో పోయే 20 మీటర్లు దీనికి అదనం.

ఆషాఢం, శ్రావణంలో వాన పడిందంటే ఓబీ పని ఆపేస్తారు. అది అందరికీ తెలిసిన జాగ్రత్త. ఎవరూ పట్టించుకోనిది ఎండాకాలపు తడి. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, కొత్తగూడెం వైపు ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. దుమ్ము కళ్లు కప్పేస్తుంది కాబట్టి ట్యాంకర్లు హాల్ రోడ్డు మీద నీళ్లు చల్లుతాయి. చల్లాల్సిందే, దుమ్ములో ఎదురు బండి కనబడదు, ఊపిరితిత్తులకూ చేటు. కానీ దిగుడు మీద రోడ్డు నిండా ఒకే పొరగా నీళ్లు పోస్తే అది సబ్బు పూసిన బండ అవుతుంది. అనుభవమున్న ట్యాంకరు డ్రైవరు దిగుడు మీద కొంత చల్లి, కొంత పొడిగా వదిలి, మళ్లీ కొంత చల్లుతూ పోతాడు. జారిన చక్రానికి నాలుగు గజాల్లో పొడి నేల దొరుకుతుంది. ప్రాణాలు కాపాడే వాళ్ల జాబితాలో ఆ ట్యాంకరు డ్రైవరు పేరు ఎవరూ రాయరు. రాయాలి.

దారి అయిపోయాక డంపు యార్డు వస్తుంది. పాత ఆపరేటర్లు ఎక్కువగా భయపడే చోటు ఇదే. వదులుగా పోసిన మట్టి తనంతట తాను 35 నుంచి 38 డిగ్రీల వాలులో నిలబడుతుంది. పై అంచు చూడటానికి గట్టిగా ఉంటుంది, కింద మాత్రం ఒకదాని మీద ఒకటి ఆనుకున్న పెళ్లలే. ఆ అంచు దగ్గరికి వెనక చక్రాల మీద వంద టన్నుల పైన బరువుతో డంపరు వెనక్కి వస్తుంది. అంచున ఉన్న గట్టు ఆసరా కాదు, గుర్తు మాత్రమే. దానికి చక్రాన్ని ఆనించి ఆపడం అలవాటైన వాళ్లు ఏదో ఒక రోజు గట్టుతో పాటే కిందికి పోతారు. అనుమానం ఉన్న చోట అంచుకు దూరంగా కుమ్మరించి డోజరుతో నెట్టించడమే సరైన పద్ధతి. దానికి డోజరు కావాలి, సమయం కావాలి. ఖర్చని దాన్ని తగ్గించుకునే యాజమాన్యం మనిషి ప్రాణాన్ని తూకంలో వేస్తున్నట్టే.

తొట్టి పైకెత్తినప్పుడు ఇంకో ముప్పుంది. బరువు ఎంత పైకి పోతే బండి అంత తేలికగా పక్కకు ఒరుగుతుంది. తడి బంకమట్టి తొట్టి మూలకు అంటుకుని దిగదు. ఒక పక్క ఖాళీ అయి, ఒక పక్క పది టన్నులు వేలాడుతూ ఉంటే, కింద నేల ఒక పక్కకు కొద్దిగా కుంగినా చాలు. అంటుకున్న మట్టిని రాల్చడానికి తొట్టి ఎత్తి ఉంచి బండిని ముందుకూ వెనక్కూ కుదిపే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి మానుకోండి. తొట్టి దించండి, అంటుకున్న మట్టిని తీయించండి.

పక్కనున్న వాళ్లకు కూడా ఓ మాట. ఆ ఎత్తు క్యాబిన్‌లోంచి డ్రైవరుకు బండి ముందు చాలా మేర నేలే కనబడదు. జీపు నిలబెడితే అది అతని లెక్కలో లేదు. జీపుకు పొడుగాటి కర్ర మీద జెండా, దీపం పెట్టేది అందుకే.

వృథాగా కాలిపోతున్న ఆ 30 యూనిట్లను పట్టుకోలేమా అని పాఠకులకు అనిపించి ఉంటుంది. పట్టుకున్నారు. స్విట్జర్లాండులో ఒక సిమెంటు కంపెనీ సున్నపురాయి గనిలో, ఒక మామూలు డంపరును బ్యాటరీ బండిగా మార్చారు. 600 యూనిట్ల బ్యాటరీ. 45 టన్నుల ఖాళీ బండి కొండ ఎక్కుతుంది, పైన 65 టన్నులు వేసుకుని దిగుతుంది. దిగేటప్పుడు మోటార్లు జనరేటర్లై బ్యాటరీని నింపుతాయి. ఎక్కేటప్పుడు వాడిన కరెంటులో చాలా భాగం దిగేటప్పుడు తిరిగి వస్తుంది. మన సింగరేణిలో బరువు గోతిలోంచి పైకి వస్తుంది కాబట్టి ఆ లాభం మనకు పూర్తిగా దక్కదు. కానీ దిగుడులో బ్రేకు కాలకుండా మోటారే బండిని పట్టుకోవడం అన్న లాభం ఎక్కడైనా ఒక్కటే.

ఇంత లెక్క తెలిశాక ఒక మాట తేల్చి చెప్పవచ్చు. వాలు మీద ప్రమాదం జరిగిన ప్రతిసారీ ‘డ్రైవరు నిర్లక్ష్యం’ అని రాసి ఫైలు మూసేయడం అన్యాయం. 16లో 1 దాటిన వాలు ఎవరు వేశారు? కరిగిన గట్టును ఎవరు మళ్లీ పోయించలేదు? ట్యాంకరు నీళ్లు ఎలా చల్లింది? రిటార్డరు నూనె ఎప్పుడు మార్చారు? షిఫ్టు మొదట్లో, వాలు ఎక్కకముందు, చదును మీద బ్రేకు పరీక్షించే సమయం అతనికి ఇచ్చారా? ఈ ప్రశ్నల్లో ఒక్కటీ డ్రైవరు జవాబు చెప్పాల్సింది కాదు.

ట్రిప్పుల లెక్కన కూలి కట్టే కాంట్రాక్టు పనుల్లో ఈ అన్యాయం రెట్టింపవుతుంది. 100 మీటర్ల దిగుడులో 20కీ 30కీ మధ్య తేడా 96 సెకన్లని చూశాం. షిఫ్టుకు పది ట్రిప్పులేసే టిప్పరు డ్రైవరుకు ఆ తేడా మొత్తం పదహారు నిమిషాలు. ఆ పదహారు నిమిషాలకు అతని జీతంలో కోత పడకూడదు. ట్రిప్పుకింత అని కాకుండా షిఫ్టుకింత అని కట్టే ఒప్పందం రాసుకోవాలి. గనుల అధికారులు, కార్మిక సంఘాల నాయకులు వచ్చే టెండరులోనే ఈ షరతు పెట్టించాలని కోరుతున్నాను.